వచ్చేసినట్టే

సున్నా. ఇంకోసారి నొక్కినా ఫైలు బరువు సున్నాయే. అత్తగారి పేరుంది, వయసుంది, స్కాన్ తీసిన తారీకుంది, ఛాతీ అని స్పష్టంగా రాసి కూడా ఉంది, తీరా తెరిస్తే బొమ్మ ఉండాల్సిన చోట తుడిచిన పలకలా నల్లగా ఉంది. తప్పు ఫైలు తెరిచానేమోనని మూసి మళ్ళీ తెరిచింది, కళ్ళజోడు తీసి చేతిరుమాలుతో తుడుచుకుని మళ్ళీ చూసింది, కళ్ళజోడు తుడిస్తే ఖాళీ ఫైలు నిండుతుందా ఎక్కడైనా, అయినా తుడిచింది. ఆమె కూర్చున్న ఈ గాజుగదికి సరిగ్గా రెండంతస్తుల కింద అత్తగారు ఆస్పత్రి గౌను తొడుక్కుని బెంచీ మీద కూర్చుని ఉంది. పొద్దున తీసిన కొత్త స్కానులో ఆవిడ ఊపిరితిత్తి అంచున ఒక మచ్చ కనపడింది. “పాత స్కానుంటే తెచ్చి చూపించండి. అప్పుడూ మచ్చ ఇంతే ఉంటే దాని మానాన దాన్ని వదిలేద్దాం. లేదంటే ఇవాళే సూది గుచ్చి ముక్క తీయాలి. ఈవిడ ఊపిరితిత్తులకి ఆ సూదంటే నాకే భయంగా ఉంది” అన్నాడు డాక్టరు. ఉందని చెప్పింది ఆమే. మా దగ్గరే ఉంది డాక్టరుగారూ, ఐదు నిమిషాల్లో తెస్తానని మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చిన కోడలు, ఈ స్కాన్ సెంటరు ఫైళ్ళన్నీ తన చేతుల మీదుగా నడిచే కోడలు, ఇప్పుడు సున్నా ముందు కూర్చుని ఉంది. ఐదింటిదాకా చూస్తానన్నాడు డాక్టరు. ఐదు కావడానికి గంట కూడా లేదు.

ఇదొక్కటే పాడయి ఉంటుందనుకుంది. మనసు ఇలాంటి సందులు భలే వెతుక్కుంటుంది. పక్క ఫైలు తెరిచింది, ఎవరిదో మోకాలు, నిక్షేపంలా ఉంది. దాని పక్కది ఎవరిదో చెయ్యి, అదీ ఉంది, అమ్మయ్య అనుకుంటూ మూడోది తెరిచింది, తల, సున్నా. పొట్ట, సున్నా. వెన్నెముక, సున్నా. చిన్నవన్నీ ఉన్నాయి, పెద్దవేవీ లేవు. అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ ఈ సెంటరు స్కానులన్నీ ఊరి చివర ఎవరిదో గోదాములో ఉండేవి, గోదామంటే గోదాము కాదు, బారులు తీరిన పెద్ద పెద్ద కంప్యూటర్లు, కానీ ఇక్కడ అందరూ గోదామనే అంటారు. ఆ ఒప్పందం ఇవాళ్టితో ముగుస్తుంది, అందుకని అన్నిటినీ ఇక్కడి కొత్త మిషన్లలోకి దించుకోవాలి, దించే ప్రోగ్రాం రాసింది ఆమె. ఒకటి వచ్చాక ఇంకొకటి అని కూర్చుంటే ఎప్పటికీ తెమలదని అన్నిటికీ వరసగా కబుర్లు పెట్టేలా రాసింది. కబురు పెట్టగానే ఇక్కడ పేరూ తారీకుతో ఒక ఖాళీ ఫైలు లేస్తుంది, బొమ్మ తన తీరికను బట్టి వచ్చి అందులో చేరుతుంది. చేరేదాకా ప్రోగ్రాం ఆగాలి. ఆగు, అని చెప్పాలి దానికి, ఒక్క మాట, అది చెప్పడం మర్చిపోయింది. పిల్లల్ని తలో దుకాణానికీ తరిమి, వాళ్ళు వీధి మలుపు తిరక్కముందే సరుకులన్నీ వచ్చేశాయని చెప్పి, ఇంటికి తాళం వేసుకుని వెళ్ళిపోయిన ఇల్లాలిలా ఉంది ఆమె రాసిన ప్రోగ్రాం. దగ్గరి దుకాణానికి వెళ్ళినవాళ్ళు తాళం పడేలోపు వచ్చేశారు. దూరం వెళ్ళినవాళ్ళు మోసుకొచ్చినదంతా గుమ్మంలోనే పారబోసుకున్నారు. పరీక్షించినప్పుడు పెట్టినవన్నీ మోకాళ్ళూ మోచేతులూ, చిన్నవి, అందుకే అప్పుడు అన్నీ వచ్చాయి, అందుకే ఆమె గర్వపడింది.

వచ్చేసింది, వచ్చేసింది, వచ్చేసింది. ప్రోగ్రాం నడిచినంతసేపూ రాసుకున్న లాగ్ తెర నిండా అదే మాట, పైనుంచి కిందికి, ఎంత జరిపినా అదే. అది ఏ మిషనో పుట్టించిన మాట కాదు, ఆమే ముచ్చటపడి తెలుగులో పెట్టుకుంది, సక్సెస్ అని ఉంటే ఏం బాగుంటుంది, వచ్చేసింది అంటే ఎవరో ఇంటికొచ్చినట్టు ఉంటుందని. పైగా కబురు వెళ్ళగానే రాసేలా పెట్టింది, కబురు వెళ్ళాక రాకేం చేస్తుందన్న ధీమా. మనవాళ్ళందరికీ ఉన్న ధీమాయే అది. ఆమె మొగుడు ఆఫీసులో కుర్చీలోంచి లేవకుండానే బయల్దేరిపోయానంటాడు. నిజంగా బయల్దేరాక వచ్చేశానంటాడు. వచ్చి గుమ్మంలో నిలబడితే ఇంకేమనడానికీ మాట మిగలక ఊరికే నవ్వుతాడు. అత్తగారు స్నానాల గదిలోంచి, ఒంటి నిండా సబ్బుతో, వచ్చేశా వచ్చేశా అని కేకేస్తుంది, ఆ తర్వాత బకెట్టు నిండే చప్పుడు. వంట అయిపోయింది కూర్చోండి అని పిలిచి అప్పుడు ఉల్లిపాయ తరగడం మొదలుపెడుతుంది. అందులో అబద్ధమేమీ లేదు, ఎవరూ దాన్ని అబద్ధంగా తీసుకోరు, అవతలివాళ్ళు కంగారు పడకూడదని జరగబోయేదాన్ని జరిగిపోయిందనడం, అంతే, వినేవాడు కూడా లోపల కొంత కోసుకునే వింటాడు. మిషన్ కోసుకోదు. మేస్త్రీ కూడా కోసుకోలేదు. మేస్త్రీ అంటే వీళ్ళ విభాగం పెద్ద, ఏ పని చెప్పినా కట్టేద్దాం అంటాడు కాబట్టి ఆ పేరు పెట్టారు, ఆయన వారం కిందట తలుపు దగ్గర తల పెట్టి, అయిందా ఫటాఫట్, అన్నాడు. ఆఫీసులో ఆమెను ఫటాఫట్ అంటారు, అడక్కముందే పని అప్పగిస్తుందని. అయిపోయింది సార్, అన్నీ వచ్చేశాయి, అంది ఆమె. ఆ సాయంత్రమే మేస్త్రీ గోదాముకి సంతకం పెట్టి పంపేశాడు, మావన్నీ ముట్టాయి, మీ దగ్గరున్నవి చెరిపేసుకోవచ్చని. చెరిపేది ఇవాళ ఐదింటికి.

వేళ్ళు మాత్రం పని చేస్తున్నాయి. ఆమె భయపడుతున్నా వేళ్ళు భయపడవు, ఇన్నేళ్ళలో వాటికో తోవ అలవాటైపోయింది. ఆగు అన్న మాట చేర్చింది, వచ్చేసింది అన్న మాటని కిందికి జరిపింది, బొమ్మ మొత్తం దిగి, దాని బరువు అక్కడా ఇక్కడా సరిపోయాకే ఆ మాట రాయాలని పెట్టింది, ఎంత చిన్న మార్పో, చూస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. మొదట అన్నిటికీ కలిపి కబురు పెట్టింది. గోదాము తిప్పికొట్టింది, చాలామంది అడుగుతున్నారు, కాసేపాగి రండి, అంది. ఆఖరి రోజు కదా, ఇలాంటివాళ్ళెందరో అక్కడ గుమ్మంలో తోసుకుంటున్నట్టున్నారు. అప్పుడు మిగతావన్నీ ఆపేసి అత్తగారి ఒక్క ఫైలే అడిగింది. ఇచ్చింది. తెర మీద సన్నటి నీలం గీత మొదలైంది, పేనులా పాకుతోంది. ఛాతీ స్కానంటే ఒక్క బొమ్మ కాదు, మనిషిని పలచగా పొరలు పొరలుగా తీసిన వందల బొమ్మలు, అన్నీ వస్తే గాని ఆ మచ్చ ఏ పొరలో ఉందో తెలీదు. గీత కదులుతూనే ఉంది, ఐదులోపు చివరిదాకా వస్తుంది, రావాలి. ఇది వస్తే అత్తగారికి సూది తప్పుతుందేమో. మరి మిగతావి? మిగతావి ఐదులోపు రావు, ఏం చేసినా రావు. గోదాము మనిషికి ఫోన్ చేసి ఆపమనాలి. ఆపమంటే ఆపుతాడు, ఆ మాట ఆయనే చెప్పాడు మొదట్లో, “ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండమ్మా, వెంటనే సీలేస్తాం, మీవాళ్ళూ మావాళ్ళూ కూర్చుని తేల్చేదాకా ఒక్క ఫైలు కూడా అటూ ఇటూ కదలదు. అదీ రూలు” అని. ఒక్క ఫైలు కూడా. చెప్పిన మరుక్షణం ఈ నీలం గీత ఉన్నచోటే ఆగిపోతుంది. తేల్చడానికి వారాలు పడుతుందో నెలలో. చెప్పకపోతే ఐదింటికి అందరివీ పోతాయి, అత్తగారిది తప్ప. గీత నిండగానే చెబుతాను, అనుకుంది ఆమె. అది నిండేసరికి ఐదుకి ఇంకా కొంచెం టైముంటుంది, ఆ కొంచెంలో ఫోన్ చేసి ఆపిస్తాను, అందరివీ దక్కుతాయి, ఆవిడదీ దక్కుతుంది. లెక్క బాగానే ఉంది. బాగానే ఉన్న లెక్కలంటే ఆమెకి ఇవాళ నమ్మకం లేదు.

గాజుకి అవతల ఎవరో చెయ్యి ఊపారు. ఆమె కూడా ఊపింది, నవ్వింది కూడా, మొహం దాని పాటికి అది నవ్వేసింది. ఈ గది ఎందుకు కట్టారో గాని అన్ని వైపులా గాజే, లోపలివాళ్ళు గొడవ పడుతున్నా ఏడుస్తున్నా బయటివాళ్ళకి మూకీ సినిమా. ఏసీ గాలి సరిగ్గా మెడ మీదికి కొడుతుంది, కుర్చీ జరుపుదామంటే బల్లకీ గోడకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది, గోడ మీద తెల్లబోర్డు, దాని మీద ఎవరో చెరగని కలంతో గీసిన బాణం ఎన్నాళ్ళుగానో కిటికీ వైపు చూపిస్తూ ఉంటుంది, ఆ కిటికీ తెరుచుకోదు. బయట బల్లలు జరుపుతున్నారు. ఎందుకో అర్థం కాలేదు, తర్వాత పెద్ద అట్టపెట్టె కనపడింది, అందులోంచి కేకు, మేస్త్రీ స్వయంగా రెండు చేతుల్తో పట్టుకుని వంగి నడుస్తున్నాడు పసిబిడ్డను మోస్తున్నట్టు. మర్చేపోయింది. గోదాము ఖాళీ అయిన సంబరం. మేస్త్రీ కేకుని గాజు దగ్గరికి తెచ్చి ఆమెకి చూపించాడు, తెల్ల క్రీము మీద ఎర్రటి అక్షరాలు, అన్నీ వచ్చేశాయి, ఆయనకి ఆ మాట అంత నచ్చింది. ఆమె బొటనవేలు ఎత్తి చూపించింది. చేతిని వెంటనే కిందికి దించి తొడ కింద పెట్టుకుని కూర్చుంది, ఆ చెయ్యి ఇంకేం చేస్తుందోనని భయం వేసి.

తలుపు తీసుకుని మేస్త్రీ తల లోపలికి పెట్టాడు. “ఏంటమ్మా ఫటాఫట్, ఇంకా ఏం తోముతున్నావ్? అయిపోయిన పెళ్ళికి మేళం దేనికి? రా, నువ్వొచ్చి కొయ్యాలి.”

“ఒక్క పది నిమిషాలు సార్. వచ్చేస్తున్నా.”

“క్రీము కారిపోతోంది.”

“వచ్చేశా సార్.”

వచ్చేశా. కూర్చున్న కుర్చీలోంచి ఒక్క అంగుళం కదలకుండా. ఆయన తలుపు వేసి వెళ్ళాడు, ఆయన కూడా ఆ మాటని కోసుకునే విన్నట్టున్నాడు, పోయి ప్లేట్లు పేరుస్తున్నాడు. ఇప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు తెరిస్తే చాలు, సార్ ఒక్కసారి లోపలికి రండి, అంటే చాలు, ఏం పోయింది. చాలా పోతుంది. సంతకం ఆయనది, మాట ఆమెది, రేపటినించి వీళ్ళలో ఎవరు ఆమెను ఏ పేరుతో పిలిచినా అందులో ఈ సున్నాలుంటాయి. చిన్నప్పుడు పెద్దమ్మగారింట్లో దాగుడుమూతలు ఆడుతూ ఆమె పరుపుల అలమరలో దాక్కుంది. పెద్దమ్మ కూతురు దొంగ. పరుపుల మధ్య ఊపిరాడక, దూది వాసన, చెమట, తలుపు సందులోంచి ఒక గీత వెలుగు, ఎంతసేపటికీ ఎవరూ రారు. బయట చప్పుళ్ళు మారాయి, నవ్వులు పోయి గిన్నెల మోత వచ్చింది, అందరూ అన్నాలకి కూర్చున్నారు, ఆట అయిపోయిందని అందరికీ తెలుసు, ఆమెకి తప్ప. అలమరలోంచి బయటికి రావచ్చు, తలుపుకి గొళ్ళెం కూడా లేదు. అయినా రాలేదు, వస్తే ఇంతసేపూ తననెవరూ వెతకలేదని ఒప్పుకున్నట్టవుతుందని, గెలిచినదానిలాగే లోపల కూర్చుంది. ఆఖరికి పెద్దమ్మ దుప్పటి కోసం తలుపు తీసి, ఓసి పిచ్చి మొహమా, అంది. ఆ పెద్దమ్మ ఇప్పుడు వస్తే బావుండునని, గాజు తలుపు తీసి ఆ మాట అంటే లేచి వెళ్ళిపోవచ్చునని ఆమెకి చాలా అనిపించింది. గీత సగం దాటింది.

ఫోను మోగింది. అత్తగారు.

“అమ్మాయ్, వచ్చిందా?”

“వచ్చేసినట్టే అత్తయ్యా.”

“వచ్చేసిందా, వచ్చేసినట్టా?”

“దారిలో ఉంది.”

“నీ మొగుడూ దారిలోనే ఉన్నాట్ట పొద్దున్నించీ. ఇద్దరూ కలిసి వస్తారేమో.” అవతల చిన్న నవ్వు, ఆ నవ్వు మధ్యలో విరిగింది. “డాక్టరు ఇప్పటికి రెండుసార్లు తలుపు తీసి చూశాడు. ఆ చూపు నాకేం నచ్చలేదు.”

“భయంగా ఉందా అత్తయ్యా?”

“భయమేంటి నా మొహం. ఇక్కడ అందరూ నా ఈడువాళ్ళే, ఒకావిడ తనకి ఉన్నవీ లేనివీ రోగాలన్నీ చెబుతోంది, నేనూ నాలుగు కలిపి చెప్పా. నువ్వు త్వరగా రా, చాలు.”

అబద్ధం. ఆవిడకి భయం. పెళ్ళయిన కొత్తలో ఒకసారి పిడుగు పడితే ఆవిడ, ఆ గయ్యాళి గొంతు మనిషి, వచ్చి కోడలి మంచం మీద కూర్చుంది, మా గది కిటికీ సరిగ్గా పడదే, ఇక్కడ బావుంది, అని. వాన వెలిసేదాకా కూర్చుని, వెలిశాక కోడలి దుప్పటి మడత బాలేదని వంక పెట్టి వెళ్ళింది. ఆవిడతో ఆమెకి పడేది కాదు, ఇప్పుడు పడుతుందా అంటే చెప్పలేం, రోజూ ఏదో ఒకదాని మీద మాటా మాటా అనుకుంటారు, గిన్నె ఎక్కడ పెట్టాలి, ఫ్యాను ఎందుకు తిరుగుతోంది, అయినా ఆవిడ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమె ఊహించలేకపోతోంది, ఊహిస్తే స్నానాల గది తలుపు తెరిచి ఉంటుంది, లోపల ఎవరూ ఉండరు. ఆవిడ పోకూడదు. అంత మొండిగా, పసిపిల్లలా అనుకుంది ఆమె, పోకూడదు అంతే. గీత పాకుతోంది. ఎడమ పక్క లాగ్, జరపకూడదనుకుంటూనే వేలు జరిపింది. తల, పురుషుడు. పొట్ట, స్త్రీ. వెన్నెముక. తల, ఈ తల పుట్టిన సంవత్సరం చూసి ఆమె వేలు ఆగింది, ఆ పిల్లకి ఇంకా పాలపళ్ళే ఉండి ఉంటాయి. ఆ పిల్ల తల్లి ఏదో ఒక రోజు ఇలాగే ఒక డాక్టరు ముందు కూర్చుంటుంది, పాతదుంటే తెమ్మంటాడాయన, ఉందండీ మీ దగ్గరే తీయించాం అంటుంది ఆ తల్లి. ఇక్కడెవరో తెరుస్తారు. పేరుంటుంది, వయసుంటుంది. ఎలా పోయిందో ఎవరికీ తెలీదు, ఆమెకి తప్ప. పేర్లు చదవకుండా ఉంటే బావుండేది. జరిపేసింది, పైకి, ఇంకా పైకి, వచ్చేసింది వచ్చేసింది వచ్చేసింది, చేత్తో తెర మూసింది. అరచేతి కింద కూడా అది వెలుగుతూనే ఉంది.

గీత ముప్పాతిక దాటింది. ఇంకొంచెం. లోపల ఏదో వదులయింది, అవుతుంది, ఇంకో ఐదారు నిమిషాల్లో అవుతుంది, ఆ తర్వాత మొదటి పని ఫోను, నంబరు కూడా తీసి పెట్టుకుంది, ఏం చెప్పాలో కూడా మనసులో పేర్చుకుంది, తేడా ఉందండీ, తప్పు మాదే, సీలెయ్యండి. బయట కేకు చుట్టూ అందరూ మూగారు, ఎవరో కత్తికి రిబ్బను కడుతున్నారు. చేతిలో ఫోను దానంతటదే మోగింది. గోదాము ఆయనే. ఈయనిప్పుడెందుకు. ఎత్తకపోతే. ఎత్తకపోతే ఇంకా భయం, ఎత్తింది.

“అమ్మా, నేను, గోదామునించి. మీ సంతకం వారం కిందటే వచ్చేసిందిగా, ఐదుదాకా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోడమెందుకని మీవి చెరపడం మొదలెట్టేశా. ఒక మాట చెబుదామని.”

మొదలెట్టేశా. చెవిలో ఆ మాట ఒక్కటే మిగిలింది. మొదలెట్టేశాడు, ఎక్కడినుంచి, పైనుంచా కిందినుంచా, ఈ మాట వింటుండగానే ఎన్ని పోయాయి, ఆ పిల్ల తల పోయిందా, గీత వైపు చూసింది, కదులుతోంది, ముప్పాతిక దాటి కదులుతోంది, ఇంకో ఐదు నిమిషాలు మాటల్లో పెట్టొచ్చు ఈయన్ని, వాతావరణం అడగొచ్చు, ఆ ఐదు నిమిషాల్లో ఎన్ని పోతాయి, ఎవరెవరివి, పేర్లు, అయ్యో పేర్లు చదివాను. నోరు తెరుచుకుంది. ఆమె తెరిచిందో అదే తెరుచుకుందో.

“ఆపండి! ఆపెయ్యండి, మావి రాలేదు. తేడా ఉంది. పెద్దవేవీ రాలేదు.”

“తేడా ఉందంటున్నారా?”

“ఉంది, ఉంది. మా తప్పే. ఆపండి ముందు.”

“అయితే సీలే. ఒక్క క్షణం.” అటు ఏదో మీట చప్పుడు. ఇటు తెర మీద నీలం గీత ఒక్కసారి ముందుకి ఉరికినట్టయి, ఆగి, ఎర్రబడింది. దాని కింద ఒక వాక్యం వచ్చింది, ఆమె చదవలేదు. చదవక్కర్లేదు.

“ఎన్ని పోయాయండీ?” అంది.

“ఏంటి పోయేది?”

“మొదలెట్టేశానన్నారుగా.”

“అయ్యో, మాటవరసకన్నానమ్మా. ఇంకా నొక్కలేదు. టీ తాగేసొచ్చి మొదలెడదామని కూర్చున్నా. ఒక్కటీ పోలేదు, మీరేం కంగారు పడకండి.”

నవ్వొచ్చింది ఆమెకి, నిజంగానే వచ్చింది, ఒక్క చప్పుడు, దగ్గులాంటిది. ఇంటిల్లిపాదీ రోజంతా ఆడే ఆట, మొగుడాడేది, అత్తగారాడేది, ఇప్పుడే ఇదే కుర్చీలో తానాడింది, పుట్టినప్పటినించీ ఏనాడూ ఎవరి దగ్గరా ఆ మాటని ఉన్నదున్నట్టుగా నమ్మని మనిషి ఈ ఒక్కసారి నమ్మింది. నిజంగానే మొదలెట్టారా అని అడిగి ఉంటే సరిపోయేది. అడగడానికి ఎంతసేపు. “ఆ సీలు తీయడానికవుతుందాండీ, ఒక్క ఐదు నిమిషాలు, ఒక్క ఫైలు, మధ్యలో ఉంది” అని బతిమాలింది. “వేసేశానమ్మా” అన్నాడాయన, జాలిగానే అన్నాడు. ఈసారి ఆ మాటలో కోసుకోవడానికేమీ లేదు, వేసేశాడు.

లేచింది. కుర్చీ బల్లకి తగులుకుంటే పక్కనుంచి ఒరుసుకుంటూ వచ్చింది. తలుపు తీయగానే చప్పట్లు కొట్టారు. మేస్త్రీ కత్తి చేతిలో పెట్టబోయాడు. “రాలేదు సార్” అంది ఆమె. “ఏంటి రానిది?” “ఫైళ్ళు. సగానికి సగం ఖాళీవి. నేను చూసుకోకుండా వచ్చేశాయని చెప్పా. గోదాము సీలేయించాను, పోలేదు, కానీ మన దగ్గర లేవు.” చప్పట్లు ఒక మూల ఇంకా ఆగలేదు, అక్కడివాళ్ళకి వినపడలేదు. మేస్త్రీ మొహంలో నవ్వు ఉన్నచోటే ఉంది, కళ్ళు మాత్రం ఆమె మీద నించి కేకు మీదికీ, కేకు మీద నించి కత్తి మీదికీ వెళ్ళాయి. నేను సంతకం పెట్టానే, అన్నాడు చివరికి, చాలా చిన్న గొంతుతో. వచ్చి మాట్లాడతాను సార్, అని ఆమె మెట్ల వైపు నడిచింది. వెనక నించి ఎవరూ పిలవలేదు. ఇంతసేపూ దేనికి భయపడిందో అది జరిగిపోయింది, ఒళ్ళు తేలికవుతుందనుకుంది, కాలేదు, ఒక్కొక్క మెట్టుకీ బరువెక్కింది. కిందికి దిగడానికి ఇంకో తోవ ఉంటే బావుండును. లేదు, ఉన్నవి ఈ మెట్లే, ఇవి నేరుగా ఆ బెంచీ దగ్గరికే తీసుకెళతాయి.

అత్తగారు ఆమెను చూసి కొంచెం జరిగి చోటిచ్చింది. కూర్చుంది. బెంచీల నిండా మనుషులున్నారు, తలలూ పొట్టలూ వెన్నెముకలూ పట్టుకుని.

“వచ్చిందా?”

“రాలేదత్తయ్యా.”

“వస్తుందా?”

“ఇప్పట్లో రాదు. వస్తూ ఉంటే మధ్యలో నేనే ఆపాను.” ఆవిడ మొహంలోకి చూడకుండా, నేల మీద పలకల మధ్య సందు చూస్తూ మొత్తం చెప్పింది, ఆగు అన్న మాట మర్చిపోయిన దగ్గరినుంచి, సున్నాలు, సీలు, గోదాము ఆయన మాటవరస దాకా. తన మాటలు తనకే ఎవరిదో ఇంటి సంగతిలా వినపడ్డాయి. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. ఇన్నేళ్ళలో ఆవిడ అడ్డు రాకుండా విన్నది ఇదే.

“వీళ్ళవా, నువ్వాపింది?” అంది, ఎదురు బెంచీ వైపు గడ్డం ఎత్తి.

“వీళ్ళవీ ఉండొచ్చు. నాకు తెలీదు.”

ఆవిడ కాసేపు ఎదురు బెంచీని చూసింది. అక్కడ ఒకాయన కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోతున్నాడు, నోరు తెరుచుకుని. “నాది వచ్చాక ఆపొచ్చుగా” అంది. కోపంగా కాదు. అడగాల్సింది అడిగినట్టుగా.

“ఆపొచ్చు” అంది ఆమె. ఏడుపు వచ్చింది, మింగింది, మళ్ళీ వచ్చింది. ఆవిడ ఓదార్చలేదు.

గది తలుపు తీసుకుని డాక్టరు బయటికొచ్చాడు. గడియారం వైపు చూసి, కోడలి ఖాళీ చేతుల వైపు చూసి, “పాతది దొరికిందా అమ్మా?” అన్నాడు. ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు లేచి నిలబడింది.

“రాలేదు డాక్టరుగారూ. గుచ్చండి.”

రెండడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే, “మావాడొస్తే నువ్వే చెప్పు. నాకు చెప్పినట్టే చెప్పు” అంది. ఆవిడ గౌను వెనక తాళ్ళు ఊడిపోయి వీపు కనపడుతోంది. కోడలు లేచి వెళ్ళి తాళ్ళు పట్టుకుంది. ముడి ఒక పట్టాన పడలేదు. తలుపు దగ్గర డాక్టరు, రండమ్మా, అన్నాడు. అత్తగారు కదలకుండా నిలబడింది, ముడి పడేదాకా.